పది అడుగుల వెనక

ఆటోనగర్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి షెడ్లన్నిటిలోనూ సుత్తులు ఒక్కసారే ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం కోసమే నేను టిఫిన్ బాక్సు పట్టుకుని ఆఫీసు బయటికొచ్చి, ప్రహరీ పక్కన అరుగు మీద కూర్చుంటాను. లోపల అందరూ కలిసి తింటారు. నన్నూ పిలుస్తారు, "రండి మేడమ్, ఎప్పుడూ ఒక్కరే ఏంటండీ" అని. నేను నవ్వి ఊరుకుంటాను. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయినా ఆ నవ్వు దాటి ఒక్క మాట ముందుకు పోలేకపోయాను.

పోయిన వారం అలా తింటూ ఉండగా, ఎదురుగా టైర్ల షాపు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. వెనక టైరుకి గాలి లేదు. బండి నిండా ఆడవాళ్ళు, దుప్పట్ల మూటలు, మసిబట్టిన వంటగిన్నెలు. గుణదల తిరునాళ్ళ రోజులు కదా, అటే పోతున్నారనుకున్నాను. ఆ తర్వాత వాళ్ళ మధ్యలో ఉన్న పెట్టె కనపడింది. చెక్కపెట్టె. ముందువైపు అద్దం, అద్దం వెనక మూరెడు మేరీమాత. పెట్టెకి నీలం రంగు.

ఆ నీలం నాకు తెలుసు. అది మా నాన్న పడవ రంగు. పడవకి వెయ్యగా డబ్బాలో మిగిలిన రంగుతో ఆ పెట్టెకి వేసింది మా నాన్నే. అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

*

మాది సముద్రం ఒడ్డున పల్లె. చల్లపల్లి దాటి ఇంకా కిందికి, బస్సు ఆగిపోయే చోటు దాకా వెళ్ళి, అక్కణ్ణించి నడవాలి. నాన్న వేటకి పోయేవాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. మేము గంగమ్మకి మొక్కేవాళ్ళం, గుణదల మాతకీ మొక్కేవాళ్ళం. మా వైపు దానికెవరూ ఆశ్చర్యపోరు.

నాకు ఏడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తిరగబెట్టింది. పిల్ల లేచి తిరిగితే కొండ దాకా నడిచొచ్చి, పిల్లంత ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని అమ్మ మాతకి మొక్కుకుంది. నేను లేచాను. అమ్మ మాత్రం నడవలేదు. ఏటా చలి వెనకపట్టే రోజుల్లో నన్ను తలుపుకి ఆనించి నిలబెట్టి, నా నెత్తి మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, ఆ ఎత్తున బొగ్గుతో గీత గీసేది. "అబ్బో, కొవ్వొత్తి పెరిగిపోతందే!" అనేది. ఆ వెంటనే, "వచ్చే ఏడు ఎల్దాంలే" అనేది. ఆమె చేతికి ఎంత కడిగినా పోని చేపల వాసన ఉండేది. ఆ వాసన నా జుట్టులో సాయంత్రం దాకా ఉండేది.

అలా ఏడు గీతలు పడ్డాయి. ఎనిమిదో గీత వేళకి అమ్మ లేదు. వానాకాలం చివర్లో కామెర్లొచ్చి పది రోజుల్లో పోయింది.

అప్పటికి నేను తొమ్మిదో తరగతి. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు నాన్నకిచ్చిన డైరీలో రోజూ ఏదో ఒకటి రాసుకునేదాన్ని. అమ్మ పోయిన నెలలో ఒక పేజీలో ఒక్క వాక్యమే ఉంది: "నన్నిచ్చినందుకు మొక్కు తీర్చలేదని మాత అమ్మని తీసుకుపోయింది." ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి లోపలికి దోపేశాను. మళ్ళీ తెరవలేదు. తెరవకపోయినా అందులో ఏముందో నాకు తెలుస్తూనే ఉండేది, పడుకున్నా, బళ్ళో కూర్చున్నా. అడగడానికి ఎవరూ లేరు. నాన్న అసలే తక్కువ మాట్లాడే మనిషి. అమ్మ పోయాక ఆ కాస్తా మానేశాడు.

కాలవ అవతల చర్చి పేట నుంచి ఏటా ఓ పదిహేను మంది ఆడవాళ్ళు గుణదలకి నడిచిపోయేవారు. నాలుగు రోజుల నడక. వాళ్ళకి పెద్ద ఉపదేశమ్మ. ఆ పేటకి ఫాదర్ నెలకోసారే వచ్చేవారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించే మనిషిని ఉపదేశి అంటారు. ఆయన పోయాక ఆ పనీ, ఆ పేరూ ఆయన భార్యకే వచ్చాయి. నాన్న ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు.

"ఉపదేశమ్మగారూ, మా ఇంటిదాని మొక్కు ఉండిపోయింది. పిల్లని మీతో నడిపించుకుపోతారా?"

"నడిచేది దాని కాళ్ళు. నాదేం పోయింది అబ్బాయ్? పంపు."

బయల్దేరే ముందు రోజు మా మేనత్త నా సంచి సర్దింది. అటుకులు, బెల్లం, ఎండురొయ్యల పొడి. సర్దుతూనే చెప్పింది. "నడువు, నే కాదన్ను. కానీ అమ్మ పోయి ఏడాది తిరగలా. మైల మనిషివి. దేవుడి పెట్టె ముట్టుకోమాక, దేవుడి సామాను ముట్టుకోమాక. కొండ మాత్రం ఎక్కనే ఎక్కమాక. కిందే నిలబడి, కొవ్వొత్తి ఆళ్ళ చేతికిచ్చి, దణ్ణం పెట్టుకునిరా. నువ్వు తగిలావంటే ఆళ్ళ నడకంతా పాడైపోద్ది."

"వాళ్ళకి చెప్పనా అత్తా?"

"చెప్పమాక. మైల పిల్లని ఎందుకంపారంటారు."

*

అందుకని నేను వాళ్ళ వెనక పది అడుగుల దూరంలో నడిచాను. పది అని నేనే అనుకున్నాను. వాళ్ళు ఆగితే నేనూ ఆగేదాన్ని.

చెప్పుల్లేని నడక. కాలవ గట్టు పొడుగునా పీకి కుప్పలేసిన మినుము చేల వాసన, ఎండి పగిలిన బురద వాసన. ముందు నడిచేవాళ్ళు పాటలు పాడుతూ, జపమాల చెప్పుకుంటూ, మధ్యలో కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ పోయేవారు. జపం ఎక్కడ ఆగి చాడీ ఎక్కడ మొదలైందో వెనక నడిచే నాకు తెలిసేది కాదు. మాత పెట్టె ఒకరి నెత్తి మీద నుంచి ఇంకొకరి నెత్తి మీదికి మారేది. అందరికీ వంతు వచ్చేది. నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడేదాన్ని.

"ఏమ్మా తొమ్మిదో క్లాసూ, పెట్టె మొయ్యవా? జడ చెదిరిపోద్దా?" అనేది గాజులక్క. ఊళ్ళ వెంట గాజులమ్మే మనిషి. గొంతు పెద్దది. అందరూ నవ్వేవారు. మొదటి రోజు ఆ నవ్వు మంచి నవ్వే.

మధ్యాహ్నం ఏ చెట్టు కిందో మూడు రాళ్ళు పెట్టి వండేవారు. వంకాయ ఎండుచేప పులుసు. ఆ వాసనకి నా నోట్లో నీళ్ళూరేవి. అమ్మ అచ్చం అలాగే చేసేది, చివర్లో కాస్త బెల్లం వేసి. "రా పిల్లా, పళ్ళెం తెచ్చుకో" అని పిలిచేవారు. ఆ గిన్నె తోమిన చేతులతోనే వాళ్ళు పెట్టె ఎత్తుతారు. నేను తల అడ్డంగా ఊపి, దూరంగా కూర్చుని తడిపిన అటుకులు తినేదాన్ని.

రెండో రోజు సాయంత్రం పామర్రు దగ్గర ఒక బడి వరండాలో దిగాం. దీపాలు పెట్టే వేళ అందరూ జపానికి కూర్చున్నారు. నేను చివరి స్తంభం దగ్గర ఉన్నాను. ఉపదేశమ్మ సంచిలోంచి గుడ్డ చుట్టిన పుస్తకం ఒకటి తీసింది. ఆవిడ భర్తది. అంచులు నల్లబడి, నడుము దగ్గర దారంతో కుట్టి ఉంది.

"నా కళ్ళకి అక్షరాలు చీమలైపోయినయ్. నువ్వు సదువుకునే పిల్లవిగా, ఇట్రా. ఇది చదువు" అని నా వైపు చాపింది.

నేను బజ్జీలు చుట్టిచ్చిన కాగితం కూడా నూనె తుడిచి చదివే పిల్లని. ఆ పుస్తకం ఎలా ఉంటుందో, పక్కన పెన్సిలుతో ఆయన ఏం రాసుకున్నాడో చూడాలని ఎంత అనిపించిందో! కానీ అది దేవుడి సామాను. నా రెండు చేతులూ వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి.

"నేను చదవనండీ."

గాజులక్క అంది, ఈసారి గొంతు తగ్గించి. "నే చెప్పలా? నిన్నటినించీ చూస్తన్నా. మన పక్కన నడవదు, మన గిన్నెలోది తినదు, మన పుస్తకం ముట్టుకోదు. వాళ్ళమ్మ అట్టాటిది కాదు. గంప దించి నా గుమ్మంలో కూర్చుని, నా చేతి టీ తాగి పోయేది."

"ఊరుకోవే" అంది ఉపదేశమ్మ. కానీ పుస్తకం తెరవలేదు. మళ్ళీ గుడ్డ చుట్టి లోపల పెట్టేసి, కంఠతా వచ్చిన జపమే చెప్పింది.

వాళ్ళు నన్నేమనుకుంటున్నారో నాకు అప్పుడు అర్థమైంది. నోరు తెరిచి నిజం చెబితే నాలుగు రోజుల నడక పాడు చేసినదాన్నవుతాను. తెరవకపోతే అమ్మ టీ తాగిన గుమ్మాన్ని చీదరించుకున్నదాన్నవుతాను. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు. స్తంభానికి ఆనుకుని, ఇంటి దగ్గర తలుపు మీద గీతలు ఒక్కోటే గుర్తు చేసుకున్నాను.

మూడో రోజు ఎవరూ నన్ను పిలవలేదు. పెట్టె వంతు నన్ను దాటి పోయింది, మధ్యాహ్నం పళ్ళెం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉయ్యూరు దగ్గరకొస్తుంటే గాలి నిండా కాగే చెరకురసం వాసన. ముందు నెమ్మదిగా పోతున్న చెరకు ట్రాక్టరు వెనక నుంచి గాజులక్క, ఇంకో ఇద్దరూ గడలు లాగేశారు. ఉపదేశమ్మ కేకలేసింది. "మొక్కు నడకలో దొంగతనాలా! సిగ్గులేదా మీకు? ఆ లేతది, కొన వైపుది, ఇట్టా ఇవ్వండి." అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, పది అడుగుల వెనక, నాలో నేను.

అప్పుడు ఉపదేశమ్మ వెనక్కొచ్చింది. చెరకు ముక్క ఒకటి నా ముందున్న కిలోమీటరు రాయి మీద పెట్టింది. "తిను. నా చెయ్యి తగల్లేదులే, ఆకుతో పట్టుకున్నా" అని, తిరిగి వెళ్ళిపోయింది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. ఆ ముక్క నములుతూ కంకిపాడు దాకా నడిచాను. తీపి తెలియలేదు.

*

నాలుగో రోజు తెల్లవారుతుండగా కాలవ రేవు మెట్ల మీద కూర్చుని కాళ్ళు చూసుకుంటున్నాను. అరికాళ్ళ బొబ్బలు చితికిపోయాయి. ఉపదేశమ్మ చిన్న గిన్నెలో కొబ్బరినూనె, పసుపు కలుపుకుని వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"కాలు ఇటు చాపు."

"వద్దండీ."

"నా చెయ్యి తగిల్తే తానం చేద్దువులే. కాలవ పక్కనే ఉందిగా."

ఇక ఆగలేకపోయాను. "మీ చెయ్యి కాదండీ! నాదే. నేను మైల. అమ్మ పోయి ఏడాది కాలేదు. నన్ను ముట్టుకుని మీరు మళ్ళీ మాత పెట్టె ముట్టుకుంటే, మీ నడకంతా పాడైపోద్దని మా అత్త..."

ఆవిడ గిన్నె మెట్టు మీద పెట్టింది. "ఆ దూరమంతా అందుకా?"

"అందుకేనండీ."

"పుస్తకం?"

తల ఊపాను.

ఉపదేశమ్మ నా కాలు పట్టి లాగి ఒళ్ళో పెట్టుకుంది. నూనె రాస్తూనే గట్టిగా అరిచింది. "ఏమే గాజులూ! ఇట్టా రా. ఈ పిల్ల మనల్ని అంటుకోకూడదని కాదే దూరంగా నడిచింది. తను అంటుకుంటే మనం చెడిపోతామంట!" అని నవ్వింది. నవ్వి, ఆ పసుపు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

గాజులక్క వచ్చి పై మెట్టు మీద నిలబడి అంతా విన్నది. వెళ్ళి దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చుంది. నా జడ ఊడదీసి, చిక్కులు తీయడం మొదలుపెట్టింది. ఎంత మొరటుగా అంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎన్నాళ్ళయిందే ఈ నెత్తికి దువ్వెన పడి?" అంది చివరికి. ఐదు నెలలని నేను చెప్పలేదు. ఆ పొద్దున వాళ్ళ గిన్నెలో చద్దన్నం తిన్నాను, ఎండుచేప పులుసుతో. బెల్లం వెయ్యలేదు వాళ్ళు.

ఊళ్ళోకి వాళ్ళ మధ్యలోనే నడిచాను. పెట్టె మాత్రం ముట్టుకోలేదు. దూరం పోయింది కానీ మైల పోలేదు కదా. అత్త మాట ఇంకా నా మెడ మీద కూర్చునే ఉంది.

గుణదల కొండ కింద రోడ్డు కనపడనంత జనం. కొబ్బరి నీళ్ళు, మైనం, గుండు చేయించుకున్నవాళ్ళ తలల మీద గంధం, అన్ని వాసనలూ కలిసిపోయాయి. కొవ్వొత్తుల దుకాణంలో నాన్న ఇచ్చి పంపిన డబ్బు ఉపదేశమ్మ చేతికిచ్చాను. దుకాణదారు అన్నిటికంటే పెద్ద కొవ్వొత్తి తీసి నా పక్కన నిలబెట్టాడు. అది నా నుదుటి దగ్గర ఆగిపోయింది.

"ఇంతకంటే పెద్దది చెయ్యరమ్మా" అన్నాడు. "పాపని పోయినేడు తీసుకొచ్చుంటే సరిగ్గా సరిపోయేది."

పోయినేడు అమ్మ ఉంది.

ఆ దుకాణం మెట్టు మీదే కూలబడ్డాను. మడతపెట్టిన పేజీలో ఉన్నదంతా, అంత జనంలో, నోటివెంట వచ్చేసింది. "తీర్చలేదనే కదండీ అమ్మని తీసుకుపోయింది? నా మొక్కే కదండీ?"

ఉపదేశమ్మ కొవ్వొత్తి గాజులక్కకిచ్చి నా పక్కన కూర్చుంది.

"అట్టాగని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పనిది నీకెట్టా తెలిసింది?" కాళ్ళు చాపుకుంది. "మీ అమ్మ ఏటా మేం బయల్దేరే ముందు నా దగ్గరికొచ్చేది. గంప దించి, ఇదిగో ఇట్టా తన ఒంటి మీద చెయ్యి పెట్టి చూపించేది. 'ఉపదేశమ్మా, పోయినేడు ఇక్కడికొచ్చింది, ఈ ఏడు ఇక్కడికొచ్చింది' అని. మొహం చూడాలి అప్పుడు! 'వెలిగించేస్తే అయిపోద్దిగా, ఇంకాస్త పెరగనీ' అనేది. మర్చిపోయి మానలేదే అది. మురిసిపోయి మానింది. 'మాతకేం తొందర లేదులే, ఆవిడా పిల్లోణ్ణి పెంచిందేగా, ఆగు' అన్నది నేను. తప్పుంటే నాది. మరి నన్ను తీసుకుపోలేదేం?"

నేను ముక్కు తుడుచుకున్నాను. "కొండ మాత్రం నేను ఎక్కకూడదండీ."

"మీ అత్త ఎక్కొద్దంది. పెద్దావిడ మాట. ఎక్కమని నేను చెప్పను." దుకాణంలో వేలాడుతున్న పటాల వైపు చెయ్యి చూపించింది. "అదుగో, ఆ చివరిది చూసి చెప్పు. ఆవిడ ఒళ్ళో ఉన్నదెవరు?"

"కొడుకు."

"బతికున్నాడా?"

"లేడండీ."

"శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడ ముందు ఎవరిదే మైల? మైల పిల్ల ఆవిడ దగ్గరికి పోకపోతే ఇంకెవరు పోతారు?"

అంతే అంది. లేచి, మోకాళ్ళు పట్టుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు, రమ్మనలేదు. గాజులక్క కొవ్వొత్తి నా చేతుల్లో పెట్టి తనూ వెళ్ళిపోయింది. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఉపదేశమ్మ పదో మెట్టు ఎక్కేసరికి నా కాలు మొదటి మెట్టు మీద ఉంది.

కొండ మీద మాత గుహ దగ్గర గాజులక్క అంటించి ఇస్తే, నేను కొవ్వొత్తి నిలబెట్టి పట్టుకున్నాను. మైనం కారి మణికట్టు మీద పడింది. "అదుగో!" అంది గాజులక్క, చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలా. "మంటతో కలిపి సరిపోయిందిగా ఎత్తు!" నెత్తికి వెచ్చగా తగిలింది, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టినట్టు.

*

ఇంటికి బస్సులో వచ్చేశాను. "ఏదీ ముట్టుకోలేదుగా?" అంది అత్త. నేను కాళ్ళు కడుక్కుంటూ ఉండిపోయాను. నా మౌనం ఆ ఒక్కసారే నాకు మేలు చేసింది.

నాన్న, "వెలిగిందా?" అని మాత్రం అడిగాడు.

"వెలిగింది నాన్నా. నా అంత ఎత్తు వచ్చింది."

కాసేపయ్యాక నాన్న పొయ్యిలోంచి బొగ్గు తీసుకొచ్చి, "రా ఇట్టా" అన్నాడు. తలుపుకి ఆనించి నిలబెట్టి ఎనిమిదో గీత గీశాడు. వంకరగా వచ్చింది. తర్వాత ఇంకెవరూ గీయలేదు. నేను కూడా అక్కడితో పెరగడం మానేశాననుకుంటాను.

ఆ తలుపు ఇప్పుడు లేదు. కొత్త ఇల్లు కట్టినప్పుడు వంటచెరకైపోయింది. పడవ అమ్మేసి నాన్న రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరాడు. కాలవ గట్టు రోడ్డు వెడల్పయి, మూడు రాళ్ళు పెట్టుకునే చెట్లు పోయాయి. చర్చి పేట వాళ్ళు నడవడం మానేసి ఆటోల్లో వస్తున్నారు. నేను కాలేజీ హాస్టల్లో ఉండగా ఉపదేశమ్మ పోయిందని నెల తర్వాత తెలిసింది. మళ్ళీ ఎప్పుడైనా చదువుతానని ఆవిడకి చెప్పాలనుకుంటూనే ఉండిపోయాను, ఆ పుస్తకం. ఇప్పుడు భవానీపురంలో నా గది దగ్గర నుంచి గుణదల ఎంతో దూరం లేదు. దగ్గర కాబట్టేనేమో, వెళ్ళను.

*

టైరు బిగించడం అయిపోవచ్చింది. ఆటో ముందు సీట్లో డ్రైవరు పక్కన, జుట్టు పూర్తిగా నెరిసిన ఒకావిడ తల వాల్చి నిద్రపోతోంది. చేతుల నిండా గాజులు. లేపి ఏమని చెప్పాలి? ఎవరినని చెప్పాలి? నేను అరుగు దిగి ఆటో దాకా వెళ్ళాను. ఆ కాసింత దూరమూ ఎన్ని అడుగులో లెక్కపెట్టలేదు. పెట్టె పట్టుకుని కూర్చున్న అమ్మాయి నా వైపు చూసింది. కొత్త ముఖం.

"దణ్ణం పెట్టుకుంటారా అండీ?" అంది.

చెయ్యి చాపి పెట్టె మీద ఆనించాను. రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. కింద పాత చెక్క గరుగ్గా తగిలింది. బండి స్టార్టయింది. అప్పుడు గుర్తొచ్చింది, అది అన్నం తింటున్న చెయ్యని, ఎంగిలి చెయ్యని.

బండి కదిలేదాకా తియ్యలేదు.